పదకొండు తట్టల సీరు

సీరు తట్టలు నెత్తిన పెట్టుకొని కబడ్డీ చూడటానికి పోయిన మేనమామ ఈ భూమ్మీద నేనొక్కణ్నే అయ్యుంటాను. నవ్వుకోండి. ఆ రోజు పొద్దున వ్యానులో మేమూ నవ్వుకుంటూనే పోయాం.

మాది మదురైకి దక్షిణాన నల్లరేగడి పల్లె. ఎన్ని తరాల నుంచో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో నేర్పింది తమిళమే. ఈ అక్షరాలు నేను నలభై దాటాక పంతం పట్టి నేర్చుకున్నవి. పత్తి, మొక్కజొన్న వేస్తాను. మా అక్కను కోయంబత్తూరుకి ఇచ్చాం. అక్కడ బావకి మోటారు పంపుల సామాన్లు చేసే చిన్న వర్క్‌షాపు ఉంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. మా ఇళ్ళల్లో అక్క కూతురంటే మేనమామకి సగం సొంత బిడ్డ. చెవులు కుట్టేటప్పుడు నా ఒళ్ళోనే కూర్చోబెట్టారు. పెద్దమనిషైనప్పుడు తనని కూర్చోబెట్టే పచ్చాకుల గుడిసె నేనే కట్టాను. ఏ శుభకార్యమైనా చీర, పసుపు, కుంకుమ, పళ్ళు, టెంకాయలు తట్టల్లో పేర్చుకొని సొంతవాళ్ళందరితో కలిసి ఊరేగింపుగా తీసుకుపోవాల్సింది మేనమామే. దాన్నే సీరు అంటాం. తెచ్చినవాళ్ళ ముందుకి పిల్ల వచ్చి నిలబడి అందుకోవాలి. అందుకోకపోతే ఆ రెండిళ్ళ మధ్యా మాటలు ఉండవు. ఇది మా మురై, అంటే వరస, కట్టుబాటు.

ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా ఒకసారి కోయంబత్తూరు పోయాను. బడి మైదానంలో ఆడుతోందని బావ పిలుచుకుపోయాడు. చూస్తే చెడుగుడు. మోకాళ్ళ పైకి నిక్కరు, ఒళ్ళంతా మట్టి, చుట్టూ మగపిల్లలు, మాస్టర్లు. నాకు ముక్కు మీదే కోపం. అందరూ వింటుండగానే అనేశాను.

"ఊరి మొగోళ్ళ ముందర నిక్కరేసుకోని కింద పడి దొర్లేది ఒక ఆటనా? ఇది ఇట్లే ఆడేదైతే నేను దీనికి మామను కాదు."

బావ నెమ్మదస్థుడు. సాయంత్రం ఇంటికి పోయాక అక్క మాత్రం "కాకపోతే పో" అంది. పోయాను. నాలుగేళ్ళు వాళ్ళ గడప తొక్కలేదు. ఆ పిల్ల చెవిన నా మాట పడిందో లేదో కూడా నేను అడగలేదు.

తర్వాత ఆడపిల్లల కబడ్డీకి జీతాలిచ్చి, జట్లు కట్టి, టీవీలో చూపించే పోటీలు మొదలయ్యాయి. మొదటి సంవత్సరమే ఒక జట్టులో మా పిల్ల చేరిందని మా అమ్మ ద్వారా తెలిసింది. ఊళ్ళో టీకొట్టు దగ్గర దాని మీద జరిగిన మాటలు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "ఆడోళ్ళు గుంజుకునేదానికి జీతమా?" అన్నాడొకడు. "ఇంట్లో మా అత్తాకోడళ్ళు ఊరకే ఆడతారు కదప్పా" అన్నాడు ఇంకొకడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఫోనులో ఆట మొదలైనప్పుడు కూడా ఆ నవ్వు ఆగలేదు.

అప్పుడు మా పిల్ల కూతకి పోయింది. ముగ్గురు పట్టుకున్నారు. ఒకామె నడుం, ఒకామె తొడ, ఇంకొకామె చేయి. పడిపోతుందనుకున్నాం. పడింది కూడా, కానీ పడినచోటు నుంచి ముగ్గురినీ ఈడ్చుకుంటూ పాకి, వేలి కొసతో గీత తాకింది. టీ కాచే ఆయన గ్లాసు చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి ఆయనే "ఎవరింటి పిల్లప్పా అది?" అన్నాడు. మామను కాదన్నవాణ్ని, మా పిల్ల అని ఏ నోటితో చెప్పేది?

ఆ మర్నాటి నుంచి నాకు అదొక పిచ్చి పట్టింది. ప్రతి ఆటా చూశాను. మా అమ్మ కూడా పొయ్యి దగ్గర ఫోను ఆనించుకొని చూసేది. పాయింట్లు ఆమెకి అర్థం కావు. "ఆ పట్టుకునే పిల్లలు తిని వచ్చినారో లేదో, పాపం, ఎట్లా రొప్పుతా ఉండారు" అనేది. పత్తి ఏరడానికి వచ్చే కూలివాళ్ళలో ఒకామె భోజనాల వేళ నా ఫోనులో కాసేపు చూసి, "నేనూ ఇస్కూల్లో ఆడితినండి. అయిదో క్లాసు దాకా" అంది. అని కొంగు దులుపుకొని మళ్ళీ తన సాలులోకి పోయింది. అప్పటిదాకా ఆమె గురించి నాకు తెలిసింది రోజుకి ఎన్ని కిలోలు ఏరుతుందన్నదే.

ఆ జట్టు ఆట మదురైకి వస్తుందని తెలిసినప్పుడు, నా తప్పు దిద్దుకోవడానికి ఇదే సమయమనుకున్నాను. క్షమించమని ఫోను చేసి అడిగి ఉండొచ్చు. మా ఇళ్ళల్లో మగవాళ్ళకి ఆ మాట నోటికి రాదు, చేత్తో చేసి చూపించాలి. అందుకే సీరు. పదకొండు తట్టలు. అరటిపళ్ళు, దానిమ్మ, టెంకాయలు, మల్లెపూలు, ఒక పట్టుచీర. ఒక తట్టలో నా బుర్రకి తోచిన వింత, మంచి ఆటబూట్ల జత. నలభైమంది సొంతవాళ్ళు, ఒక వ్యాను, ఒక తవిలు డోలు వాయించేవాడు. మా పెద్దవాళ్ళు కొందరు "ఆటకి సీరేమిరా?" అని అడిగారు. "మామ పిల్లని మళ్ళీ పిల్లా అని పిలిచేదానికి ఇంకేం కావల్ల?" అన్నాను.

స్టేడియం గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. "సార్, తేంగాయ్ ఉళ్ళే పోగక్కూడాదు" అన్నాడు ఒకతను. టెంకాయలు లోపలికి తీసుకుపోకూడదట. విసురుతారని భయం. పళ్ళూ వద్దన్నారు. నేను గొంతు పెంచాను. "ఆడే పిల్లకి నేను తాయ్‌మామన్!" అన్నాను, మేనమామనని. అతనికి నవ్వాలో భయపడాలో తెలియలేదు. చివరికి తట్టలన్నీ టికెట్ల గది పక్కన వరసగా పెట్టించాడు. ఆట చూడటానికి వచ్చిన కాలేజీ ఆడపిల్లలు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఒకమ్మాయి "మాకెవరూ ఇట్లా తీసుకురాలేదు" అని తమిళంలో అంటుంటే నా ఛాతీ పొంగిపోయింది.

కబురు పంపితే మా పిల్ల బయటికి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత చూడటం. నా ఎత్తు అయిపోయింది. ట్రాక్ సూటులో ఉంది, కుడి మోకాలికి ప్యాంటు మీదినుంచే ఉబ్బెత్తుగా పట్టీ కనపడుతోంది. తట్టలకేసి చూసింది, నాకేసి చూసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. తవిలువాడు వాయించడం మొదలుపెట్టాడు.

నా చేయి పట్టుకొని పక్కకి తీసుకుపోయింది.

"మామా, ఈ పొద్దు నేను ఆడేది లేదు. పోయిన ఆటలో మోకాలు తిరిగింది. రెండు వారాలు మ్యాటు మీద కాలు పెట్టవద్దని డాక్టరు కండిసనుగా చెప్పినాడు. ముందే ఫోన్ చేసి ఉంటే చెప్పుండును మామా."

ఇక్కడ నేను చేయాల్సింది ఏమిటో అయిదేళ్ళ పిల్లాడికైనా తెలుసు. కానీ నా వెనక నలభైమంది ఉన్నారు. ఊరంతా చూసి రమ్మని పంపింది. నాలుగేళ్ళు బిగబట్టుకున్న మాట పదకొండు తట్టలై రోడ్డు మీద ఉంది. ఆమె ఆడకుండా కూర్చుంటే నా మాట అందదనిపించింది. అంతే తెలుసు నాకు.

"ఇంతమంది సొందం వచ్చినారు కదమ్మణ్ణీ" అన్నాను. "అంతా వద్దు. ఒకే ఒక కూత. మొగం చూపించేసి వచ్చేయి. మామ కోసరం."

ఆమె చీర ఉన్న తట్టను రెండు చేతులా అందుకుంది, కళ్ళకద్దుకుంది, ఆట అయ్యేదాకా ఉంచమని నాకు తిరిగి ఇచ్చింది. "సరే మామా" అంది. లోపలికి పోయి నొప్పి తగ్గిందని కోచమ్మకి చెప్పిందట. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

రెండో సగంలో ఆమెను దింపారు. మా నలభైమందీ లేచి అరిచిన అరుపుకి స్టేడియం మొత్తం మావైపు తిరిగింది. ఎవరో తెలియనివాళ్ళు కూడా మాతో కలిసి అరిచారు. మొదటి కూతలోనే ఇద్దరిని తాకి వచ్చింది. కుంటుతోందని నాకు కనపడింది. కనపడలేదని ఇప్పుడు అబద్ధం రాయను. ఒక కూత అయింది. ఆమె బెంచీవైపు చూసింది. ఆ క్షణంలో మావాళ్ళు "ఇంకొకటి! ఇంకొకటి!" అన్నారు. అందరికన్నా పెద్ద గొంతు నాది.

రెండోసారి చీలమండ పట్టుకున్నారు. కాలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు తిరిగాయి. ఆమె అరవలేదు. మ్యాటును అరచేత్తో మూడుసార్లు కొట్టింది. స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా వాటంతటవే చప్పట్లు కొట్టాయి. మా అమ్మ నా చేతులు పట్టుకొని ఆపింది.

ఆసుపత్రిలో మోకాలి లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను చేయాలి, తర్వాత తొమ్మిది నెలలు, సంవత్సరం, చెప్పలేం అన్నారు. ఆమెకున్నది ఒక్క సీజను ఒప్పందం. అక్కా బావా కోయంబత్తూరు నుంచి కారులో వచ్చారు. గదిలోకి రాగానే అక్క అడిగిన మొదటి మాట, "ఆడవద్దని చెప్పినారు కదే, ఎందుకు పోయినావు?" అని.

"నాకే పోవల్లనిపించిందిమా" అంది ఆ పిల్ల.

నేను అక్కడే, మంచం కాళ్ళ దగ్గర ఉన్నాను. నా వైపు చూడను కూడా లేదు. నేను నోరు తెరవాలి. తెరవలేదు. కూతురి మాట నమ్మి అక్క దాన్ని తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. నేను చేతులు కట్టుకొని నిలబడి ఆ తిట్లన్నీ ఆ పిల్లకే పడనిచ్చాను.

ఊళ్ళో మళ్ళీ పాత మాటలు మొదలయ్యాయి. "చెప్తిమి కదా, ఆడపిల్లలకి ఇదంతా ఎందుకని." జల్లికట్టులో ఎద్దు కుమ్మి మంచాన పడ్డ మగవాడికి ఇదే ఊరు బ్యానరు కట్టింది. ఆ మాట ముఖం మీదే అనేసి టీకొట్టు నుంచి వచ్చేశాను. కానీ దారిలో నాకే తెలిసింది, కోప్పడాల్సింది వాళ్ళ మీద కాదని. వాళ్ళు నోటితో అన్నారు, నేను చేసి చూపించాను. మా అమ్మ మోకాలి కోసం పళనికి మొక్కుకుంది. నేను ఏ దేవుడి ముందుకీ పోలేకపోయాను.

ఆరు నెలలు గడిచాక కోయంబత్తూరు పోయి, ఆ రోజు ఆడమన్నది నేనేనని అక్కకి చెప్పాను. వంటింట్లో, నిలబడే చెప్పాను. పూర్తయ్యేదాకా అక్క గరిటె తిప్పుతూనే ఉంది. తర్వాత పొయ్యి ఆపింది. కొట్టి ఉంటే బాగుండేది. "అన్నం తినేసి పో" అంది. ఆకు వేసి వడ్డించింది, పక్కన మాత్రం కూర్చోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ అన్నం తింటున్నంతసేపూ తెలిసింది.

ఆ పిల్ల మాత్రం నాతో ఎప్పటిలాగే మాట్లాడేది. కాలు ఎంత వంగుతోందో చెప్పేది, తెల్లారి మెట్లెక్కిన లెక్క చెప్పేది. పాత జట్టు తీసుకోలేదు. మరుసటి ఏడు ఇంకో జట్టు కూడా తీసుకోలేదు. ఒక్కసారైనా "నీ వల్లనే మామా" అంటుందని నేను ఫోను ఎత్తిన ప్రతిసారీ ఎదురుచూశాను. అనలేదు.

పోయిన నెల ఫోను చేసింది. ఒక జట్టువాళ్ళు మేలూరు దగ్గర క్యాంపు పెట్టి మూడు రోజులు ఆడించి చూస్తారట. ఈసారి తీసుకోకపోతే ఇక ఎవరూ పిలవరంది. మేలూరు మాకు బస్సులో రెండు గంటల దారి. "వస్తానమ్మణ్ణీ, తట్టలూ లేవు, జనమూ లేరు, నేనొక్కడే. ఒక మూల కూర్చుంటాను, నోరు మెదపను" అన్నాను.

"నువ్వు రావద్దు మామా" అంది. గొంతులో కోపం లేదు. "కాలు నొస్తే నేను నిలిపేయల్ల. నువ్వు అక్కడ కూర్చోనుంటే నాకు నిలిపేసేకి మనసు రాదు."

"సరే" అన్నాను. ఆ మూడు రోజులూ బస్టాండు వైపు పోలేదు.