ఆదివారం మూసేసిన ఊరు

సాల్ట్ లేక్ సిటీలో బస్సు దిగి, సంచీ వీపుకి తగిలించుకుని తలెత్తి చూశాను. అంత వెడల్పాటి రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. మా విశాఖపట్నంలో పట్టపగలు అలా ఉందంటే బందైనా అయ్యుండాలి, తుఫానైనా వస్తుండాలి. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"బందే! రాళ్ళేస్తారు, పదండి," అని పిల్లలిద్దర్నీ బస్టాండులోకి లాగాను.

మా ఆయన ఉక్కు పనిలో ట్రైనింగుకి వచ్చారు. అది అయ్యాక నాలుగు ఊళ్ళు చూద్దామని బయల్దేరాం.

"అమెరికాలో బందేటే, నీ మొహం!" అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చంటిదాని సీసాలో పాలు అయిపోయాయి. అది అప్పటికే ఏడుపు మొదలెట్టింది.

ఇంతలో ఒకే రకం తెల్ల చొక్కాలు, టైలు వేసుకున్న నలుగురు మగవాళ్ళు మా వైపే వచ్చారు. కొట్లు మూయించింది వీళ్ళేననుకుని పిల్లని పొదువుకున్నాను.

"ఈ ఊరు కట్టింది మా మతం పెద్దలమ్మా. ఆదివారం ఇక్కడ ప్రార్థనే, బేరాలుండవు," అని నా కంగారు చూసి వాళ్ళలో ఒకాయన ఇంగ్లీషులో చెప్పాడు. ఇంకొకాయన పిల్ల ఏడుపు విని, పక్కవీధిలోని తన ఇంటి నుంచి పాలు తెచ్చిచ్చాడు.

మర్నాడు కొట్లు తెరిచారు. "నిన్న గొడవేటమ్మా?" అని పెద్దాడు అడిగాడు.

"గొడవేం లేదురా. నిన్న దేవుడి రోజట. మన ఊళ్ళో దేవుడి రోజైతే తెల్లారకుండానే కొట్లు తీస్తారు, వీళ్ళు మూసేస్తారు. ఎందుకో నాకూ తెలీదు," అని చెప్పాను.