నాలుకకు నంబర్ లేదు

ఆ రోజుల్లో నాకు నౌకరీ అంటే ప్రాణం. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకుని భద్రాచలంలో ఒక కంటి దవాఖానాలో ఆయాగా చేరాను. చీటీ చూసి పేరు పిలవడం నా పని. (నేను ఒక పేరు కూడబలుక్కునేలోపు ఆ మనిషి బయట టీ తాగి వచ్చేవాడు.) లోపల కంప్యూటర్ బాబు ఉండేవాడు. బీమా ఉన్నవాళ్ల కంట్లోంచి ఏం తీసినా దానికో నంబర్ కొట్టాలట. పైపైన అంటుకున్న నలుసుకు ఒకటి, లోపలికి దిగినదానికి ఒకటి, నల్లగుడ్డులో గుచ్చుకుంటే ఇంకొకటి. అప్పటికి మా గుడిసెకే నంబర్ లేదు.

మా అత్తమ్మ మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చేది. ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడ్డా ఆమె దగ్గరికే వచ్చేవారు. రెప్ప ఎత్తి నాలుక కొసతో ఒక్కసారి తుడిచేది, అంతే. ఒకరోజు సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ డ్రైవర్ కన్ను నులుముకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. బాబు అతని ఫైలు తెరిచాడు, నేను పేరు కూడబలుక్కుంటున్నాను. "ఎందుకు కొడకా గట్ల నులుముతవ్, ఇటు తిరుగు" అన్న మాట వినపడి తలెత్తేసరికి నలుసు అత్తమ్మ కొంగుకు అంటి ఉంది.

డాక్టరమ్మ లైటు వేసి ఎంత వెతికినా కంట్లో ఏమీ లేదు. తెరిచిన ఫైలుకు ఏ నంబర్ కొట్టాలో తెలియక బాబు తల పట్టుకున్నాడు. "ఎవరు తీసిండ్రక్కా?" "మా అత్తమ్మ." "దేంతోని?" నాలుక బయటపెట్టి చూపించాను. "దానికి నంబర్ లేదక్కా!" బెంచీ మీదివాళ్లంతా నవ్వారు, డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "నోట్లో క్రిములుంటయి. కన్ను పోతే ఎవరు జవాబు చెప్పాలె? ఇంకోసారి గిట్లయితే నువ్వు ఇంటికే" అంది.

మర్నాటి నుంచి అత్తమ్మ గేటు దాటగానే ఆకూ వక్కా మడిచి ఆమె నోట్లో కుక్కేదాన్ని. నోరు నిండితే నాలుక కదలదు కదా! ఆమె బుగ్గ ఉబ్బించుకుని, బెంచీ మీది ఎర్ర కళ్లన్నిటినీ మిఠాయి కొట్టును చూసినట్టు చూసేది.

ఎండాకాలం దుమారం లేచి ఒకరోజు నా కంట్లోనే నలుసు పడింది. అత్తమ్మ ఆకు ఉమ్మేసి, కుండ నీళ్లతో నోరు పుక్కిలించింది. "వద్దత్తమ్మా, నా నౌకరీ పోతది!" "పోతే పోనియ్, ఇద్దరం తునికాకు కోసుకుందాం. కన్ను తెరువ్." తెరిచాను. నలుసు పోయింది గానీ, ఎదురుగా డాక్టరమ్మ! ఆమె ఇద్దరినీ చూసి, "బాబూ, ఈమెకు ఫైలు తెరవకు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మనవలకు నేనే చెబుతున్నాను, నాలుక వద్దు, దవాఖానాకు నడవండి అని. కానీ నా కంట్లో ఏదైనా పడి బెంచీ మీద కూర్చున్నప్పుడు, పక్కన ఎవరైనా ఆకు ఉమ్మేస్తారేమోనని చెవి అటే పెడతాను. కన్ను నిండిపోతుంది. ఎందుకని డాక్టరు అడిగితే, నలుసు వల్లేనని చెప్తాను. దానికైతే నంబర్ ఉంది.