ఇంగ్లీషు మానేసిన ఎమ్రిస్

సిగరెట్లు మానేసినవాళ్ళని చూశాను, మాంసం మానేసినవాళ్ళని చూశాను. ఇంగ్లీషు మానేసినవాణ్ణి మాత్రం అమెరికాలో, నోవై ఊళ్ళో మా పక్కింటి ఎమ్రిస్ ఒక్కణ్ణే చూశాను.

ఆయనది ఇంగ్లీషువాళ్ళ దేశాన్ని ఆనుకుని ఉన్న వేల్స్. అమెరికా రాకముందు, వెల్ష్ భాష కోసం అక్కడి ఇంగ్లీషు రోడ్డు బోర్డులకి రంగు పూసి జైలుకెళ్ళొచ్చాడు. డెబ్భైతొమ్మిది మార్చిలో, మనకంటూ సొంత శాసనసభ కావాలా అని వేల్స్‌లో ఓటింగ్ పెడితే, నూటికి ఎనభైమంది వద్దన్నారు. ఎమ్రిస్ మా గుమ్మంలోకొచ్చి, తనవాళ్ళకి తమ సభ అక్కర్లేకపోతే తనకి ఇంగ్లీషూ అక్కర్లేదని ఇంగ్లీషులోనే చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక అంతా వెల్షే. పోలీసు కారాపినా వెల్షే. కోడి కొనాలంటే రెక్కలాడించేవాడు. పళ్ళ డాక్టర్ ఏ పన్నని అడిగితే వెల్ష్‌లో జవాబిచ్చి, బంగారంలాంటి పన్ను పీకించుకొచ్చాడు.

ఆ ఏడే మా అమ్మ కామేశ్వరి వచ్చింది. ఆవిడకి తెలుగు తప్ప రాదు. పొద్దున్నే నేను ల్యాబ్‌కి, మా ఆయన జగదీష్ ఆఫీస్‌కి. మా మీనా అమ్మమ్మకి ‘హాయ్’ చెప్పి టీవీ ముందు కూర్చునేది. భాష కోసం ఎమ్రిస్ జైలుకెళ్ళాడు. మేమేమో మా భాషని మా చేతులతోనే పారేసి, పిల్ల యాక్సెంట్ బాగుందని మురిసిపోయాం.

నెల తిరక్కుండానే అమ్మ టికెట్ బుక్ చేయమంది. ఈ ఇంట్లో మూగదాన్నయిపోయానంది.

ఎమ్రిస్ రోజూ మధ్యాహ్నం వచ్చి మా వంటింట్లో కూర్చునేవాడు. ఆవిడ తెలుగులో వంకాయల గురించి చెబితే, ఆయన వెల్ష్‌లో బహుశా గొర్రెల గురించి చెప్పేవాడు. ఇద్దరూ తలలూపేవాళ్ళు.

నాకు చిర్రెత్తింది. ఓరోజు వాకిట్లో ఆపి, ఈ వేషాలు మాని మా అమ్మకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పకూడదా, లేకపోతే వెళ్ళిపోతానంటోందని నిలదీశాను.

ఆయన నెలల తర్వాత ఇంగ్లీషులో నోరు విప్పాడు. “మీ ఇంట్లో ఇంగ్లీషు రానిది ఆవిడొక్కతే. నేనొస్తే ఇద్దరమవుతాం. నాకు వచ్చని ఆవిడకి చెప్పకు.”

నా నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే అమ్మకి చెప్పేశాను.

అమ్మ చిక్కుడుకాయలు వలవడం ఆపలేదు. “తెలుసులేవే. రేడియోలో ఇంగ్లీషువాడు ఆట చెబుతుంటే విని గంతులేస్తాడు, కిటికీలోంచి కనబడడూ? పాపం, ఒట్టు పెట్టుకు కూర్చున్నాడు. నేనూ వెళ్ళిపోతే ఎవరితో మాట్లాడతాడు? ఆ టికెట్ సంగతి తర్వాత చూద్దాం. నాకు తెలుసని మాత్రం ఆయనతో అనకు.”

మేం నవ్వుతుంటే మీనా వచ్చి, ఎందుకని ఇంగ్లీషులో అడిగింది. అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదట్నుంచీ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.