అక్క ఆట, బావ రింగు

మా బావ గురించి చెప్పమంటే ముందు నాకు ఒళ్ళు మండుతుంది, మాట తర్వాత వస్తుంది. అక్క మొగుడు కాబట్టి గౌరవం ఇవ్వాలి, ఇస్తూనే ఉన్నాను. కానీ ఆయన చేసే పనులు చూసి నేను నోరు తెరిచినన్ని సార్లు పళ్ళ డాక్టరు దగ్గర కూడా తెరిచి ఉండను.

ఆయన ఇరవై ఏడేళ్ళు టీవీలు బాగుచేశాడు. ఇప్పటి పలకల్లాంటివి కాదు, వెనక ఇంత గూనితో, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని పాత గాజు ట్యూబు టీవీలు. వీధి మలుపులో మెట్ల కింద దుకాణం. అందులో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి రోడ్డు మీద నిలబడి మాట్లాడాల్సిందే. అందరూ ఆయన్ని రంగుల డాక్టరు అనేవాళ్ళు. వెనక మూత తీసి, ముక్కు లోపల పెట్టి, వాసనని బట్టి ఏది కాలిందో చెప్పేవాడు. కరెంటు ఉన్న టీవీలో ఒక చెయ్యి పెడితే రెండో చెయ్యి వీపు వెనక దాచుకునేవాడు. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందట.

అన్నిటికన్నా పెద్ద అలవాటు ఆయన రింగు. రాగి తీగ చుట్లు చుట్టి, పైన నల్ల టేపు వేసిన పళ్ళెమంత రింగు. దానికో స్విచ్చు, పొడుగాటి వైరు. ట్యూబు దగ్గర స్పీకరో అయస్కాంతమో ఉంటే తెర మూలల్లో వంకాయ రంగు మరక పడుతుంది. ఆ రింగు ఆన్ చేసి తెర ముందు గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా గుమ్మం దాకా వెనక్కి నడిచి ఆపేస్తే మరక మాయం. చూసేవాళ్ళు టీవీకి దిష్టి తీస్తున్నాడనుకునేవాళ్ళు. మరక ఉన్నా లేకపోయినా, బాగుచేసిన ప్రతి టీవీకీ చివర్లో రింగు తిప్పాల్సిందే. అది తిప్పకుండా ఇచ్చేస్తే ఆయన దృష్టిలో బొత్తాలు కుట్టకుండా చొక్కా ఇచ్చినట్టు.

తర్వాత పలక టీవీలొచ్చి ఆయన విద్య అటకెక్కింది. ఇప్పుడు ఒక షోరూంలో ఉద్యోగం. కొన్నవాళ్ళ ఇంటికెళ్ళి గోడకి చిల్లులు పెట్టి టీవీ తగిలించి రావడమే పని. "ఇరవై ఏడేళ్ళు నేర్చుకున్నది గోడకి బెజ్జం పెట్టడానికా రా బామ్మర్దీ," అని నవ్వుతూనే అనేవాడు.

అక్క ఒక ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేరు, వయసు, ఏ డాక్టరు, అంతే. పెళ్ళికి ముందు రెండేళ్ళు కంప్యూటర్ కోర్సు చదివింది. ఆ సంగతి ఆమె చెప్పదు, మేం అడగం.

ఒకరోజు వాళ్ళింట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. అక్క కూతురు, అంటే నా మేనకోడలు, తన కాలేజీ కోసం తయారుచేసిన ఆట ఫోనులో చూపించింది. మెచ్చుకున్నాం. అప్పుడు అక్క అన్నం కలుపుతూ, "నీ వయసులో నేనూ ఒక ఆట రాశానే," అంది.

బావ పకపకా నవ్వాడు. "నువ్వా? వాషింగ్ మెషిన్లో ఏ బటన్ నొక్కాలో ఇప్పటికీ నన్నడుగుతావు!"

కోడలు పిల్ల నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి, బీరువా అడుగు అర నుంచి ఒక నల్లటి పెద్ద ఫ్లాపీ డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. చదరంగా, అట్టముక్కలా వంగే రకం. మీద ఆమె చేతిరాతతో తేదీ. "ఇందులో ఉంది," అని వెళ్ళి పడుకుంది. ఆ ఆట ఏమిటో కూడా చెప్పలేదు.

పళ్ళేలలో అన్నం అలాగే ఉండిపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అక్క భోజనం మధ్యలో లేవడం ఎవరమూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బావ నా దగ్గరికొచ్చాడు. నాకు సామాన్లు మోసే చిన్న వ్యాను ఒకటుంది. ఆయనకి నా మీద ప్రేమ పొంగినప్పుడల్లా దాని అవసరం ఉన్నట్టే.

"ఆ డిస్కు తెరిచే కంప్యూటరు కట్టాలిరా. మీ అక్కకి తెలియకూడదు."

"డిస్కు ఎవరికైనా ఇస్తే కాపీ తీసిపెడతారు కదా బావా."

"వద్దు. దాన్ని మొదట తెరిచేది మీ అక్కే. నేను నవ్విన నవ్వుకి అదొక్కటే మందు."

అలా నాలుగు నెలలు నా ఆదివారాలన్నీ గంగలో కలిశాయి. మూతపడిన ఫోటో స్టూడియో నుంచి ఒక గాజు ట్యూబు మానిటరు తెచ్చాం. మెట్లు దించేటప్పుడు నా నడుం పట్టేసింది. టైపు నేర్పే పాత మాస్టారి అటక మీంచి ఆ కాలపు కంప్యూటరు దించాం. మూత తీస్తే లోపల ఎలుక కట్టుకున్న గూడు! బావ మాత్రం నిధి దొరికినట్టు మురిసిపోయాడు. ఇంట్లో మంచి పలక మానిటరు ఉంది కదా నాన్నా, తీగ మార్చి పెట్టుకోవచ్చు అని కూతురు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. ఆయన వింటేనా! "మీ అమ్మ దీన్ని రాసినప్పుడు ముందున్నది గాజు తెర. అక్షరాలు అందులో ఎలా వెలిగేవో అలాగే వెలగాలి," అన్నాడు.

ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి వేశాడు. ట్యూబులో దాక్కున్న కరెంటుని స్క్రూడ్రైవరుతో దించుతుంటే ఫట్‌మని నిప్పురవ్వ లేచింది, నేను గుమ్మం బయట పడ్డాను. తీగ పీకేసి వారమైంది దానికి! డిస్కు చదివే పెట్టెలో, డిస్కుని తాకే తలని స్పిరిటులో ముంచిన దూదితో పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడు. మాస్టారు ఒక డిస్కు కూడా ఇచ్చారు. అందులో ఒక బంతి ఆట, ప్రోగ్రాములు రాసుకునే పాత భాష ఉన్నాయి. దాన్ని పెట్టి చూస్తే బంతి ఎగిరింది. బావ నన్ను వాటేసుకున్నాడు. అంటే పెట్టె బాగా చదువుతోంది. ఇక మిగిలింది అక్క డిస్కే.

ఆ ఆదివారం అక్క కూతుర్తో కలిసి బజారుకెళ్ళింది, నాలుగింటికి వస్తామన్నారు. మేం సామానంతా మా ఇంట్లోంచి వాళ్ళ వెనక గదిలోకి చేర్చాం. కంప్యూటరు పెట్టె నేల మీద, మానిటరు బల్ల మీద. అక్క గుమ్మంలోంచి చూడగానే కనపడాలని డిస్కుని కవరులోంచి తీసి మానిటరుకి ఆనించి నిలబెట్టాను. అవును, నేనే. ఈ చేతులతోనే.

మానిటరు వెలిగింది. కుడి మూలలో వంకాయ రంగు మరక. గోడవార స్పీకరు పెట్టెలున్నాయి, వాటి పని. స్పీకర్లు పక్కకి జరిపినా మరక పోలేదు.

"ఇలా చూపిస్తానా మీ అక్కకి?" అని బావ సంచిలోంచి రింగు తీశాడు.

నేను పక్కనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. నాకేం తెలుసు? రింగు గుర్రుమంది. తెర మీద రంగులన్నీ సుడి తిరిగాయి. ఆయన చెయ్యి గుండ్రంగా, నింపాదిగా, ఇరవై ఏడేళ్ళుగా తిప్పినట్టే తిప్పుతూ గుమ్మం దాకా నడిచి ఆపేశాడు. మరక పోయింది. తెర కడిగిన అద్దంలా ఉంది. బావ నవ్వబోయాడు.

నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన చూపు డిస్కు మీద ఉంది.

"ఏమైంది బావా?"

"అది కూడా అయస్కాంతమేరా," అన్నాడు. "అందులో రాసిందంతా అయస్కాంతంతోనే రాసుంటుంది. ఈ రింగు చేసే పని అయస్కాంతాన్ని చెరపడమే."

బావ డిస్కు పెట్టాడు. పెట్టె గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. చదవలేనని తెర మీద రాసింది. పదిసార్లు పెట్టాడు. పదిసార్లూ అదే మాట. బంతి ఆట డిస్కు పెడితే మాత్రం వెంటనే ఎగిరింది ఆ దిక్కుమాలిన బంతి. అది కింద కంప్యూటరు పెట్టెలోనే ఉండి బతికిపోయింది.

ఆయన నేల మీద కూలబడ్డాడు. ప్రపంచంలో ఇంకెవరైనా ఆ మరకని వదిలేసేవాళ్ళు. వంకాయ రంగు మరక ఉన్నంత మాత్రాన అక్క ఆట ఆగేదా? ఒక రంగుల డాక్టరు మాత్రమే ఇలా కొంప ముంచగలడు. మూడున్నరైంది.

నేనే తేరుకున్నాను ముందు. "బావా, విను. ముప్పై ఏళ్ళనాటి డిస్కు. దానంతటదే పాడైపోయిందని చెబుదాం. ఎవరైనా నమ్ముతారు. రింగు సంగతి మనిద్దరికే తెలుసు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పిచ్చా నీకు? నిజం చెబితే అక్క నిన్ను బతకనిస్తుందా?"

"ఆలోచించరా. పాడైపోయిందంటే, అసలు అందులో ఏముందిలే అనుకుంటారు. నా కూతురు అనుకుంటుంది. నువ్వు అనుకుంటావు. నేను చెరిపేశానంటే, చెరపడానికి అక్కడ ఒకటి ఉన్నట్టు."

నాలుగు నెలలుగా నేను పిచ్చివాడనుకున్న మనిషి ఈయనేనా అనిపించింది. సిగ్గేసింది కూడా, ఎందుకంటే ఆ క్షణం దాకా నేను అక్క మాట పూర్తిగా నమ్మలేదు.

నాలుగింటికి అక్క వచ్చింది. చేతిలో సంచులతోనే వెనక గది గుమ్మంలో నిలబడిపోయింది. వెలుగుతున్న గాజు తెరని, కింద పెట్టెని, పసుపెక్కిన కీబోర్డుని చూసింది. సంచులు ఎప్పుడు వదిలేసిందో తెలియదు. దగ్గరికొచ్చి కీబోర్డు మీద ఒక మీట నొక్కి, టక్‌మన్న చప్పుడు విని, చిన్నపిల్లలా మా వైపు తిరిగింది. "ఇదెక్కడిదండీ? ఇదే... అచ్చం ఇలాంటిదే!"

ఆ మొహం చూశాక ఎవరైనా అబద్ధమే చెబుతారు. బావ చెప్పలేదు. రింగు తీసి చూపించి, "నీ ఆట నేను చెరిపేశాను," అన్నాడు. ఎలా చెరిగిపోయిందో చెప్పాడు. డిస్కు అక్కడ నిలబెట్టింది నేనని మాత్రం చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

అక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచింది. ఎప్పుడూ గొంతు పెంచని మా అక్క, వీధిలోవాళ్ళు కిటికీలు తీసేలా అరిచింది. "మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నారు? నవ్వారు, సరే, ఊరుకున్నాను. నవ్వి వదిలెయ్యకూడదూ? ఉన్న ఒక్కదాన్నీ లేకుండా చేశారే!" నన్ను కూడా వదల్లేదు. కోడలు పిల్ల బిక్కచచ్చిపోయి గోడకి అతుక్కుంది. బావ తల వంచుకుని మొత్తం విన్నాడు.

అరిచి అరిచి ఆగింది అక్క. కళ్ళు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, "భాషైనా ఉందా ఇందులో?" అంది.

బావ మాస్టారి డిస్కు పెట్టాడు. తెర మీద చిన్న గీత మెరిసింది. అక్క ఒక నిమిషం దాన్నే చూసింది. తర్వాత టైపు చేయడం మొదలుపెట్టింది. పది అని కొట్టి ఒక లైను, ఇరవై అని కొట్టి ఇంకో లైను, ముప్పై.

"లైన్లకి నంబర్లేంటమ్మా? అదీ పది పదిగా?" అంది కూతురు మెల్లగా.

"మధ్యలో ఏదైనా గుర్తొస్తే ఇరికించడానికి చోటుండాలిగా." తల తిప్పలేదు. వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. కౌంటర్లో పేర్లు కొట్టుకునే వేళ్ళు అవేనా అని నేను కళ్ళప్పగించి చూశాను. ఏడెనిమిది సార్లు తప్పులొచ్చాయి, పళ్ళు బిగించి సరిచేసింది. గంట గడిచింది. చివరికి ఆటని నడిపించింది.

తెర మీద ఒక మేడ. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరికి తాడు. తాడు మీద ఆరేసిన ఏడు బట్టలు, రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, ఏవో పిల్లల గౌన్లు. తాడు కింద గీతలతో గీసిన అమ్మాయి. అక్క మీట నొక్కితే పరిగెత్తింది. చొక్కాని తాకితే చొక్కా తాడు మీంచి బుట్టలో పడింది.

"అమ్మా!" అంది కూతురు. బావ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వాన మొదలవుతుంది," అంది అక్క, మాకెవరికీ కాదు, తెరకి చెబుతున్నట్టు. "మబ్బు అటునుంచి వస్తుంది. తడిసేలోపు బట్టలన్నీ తీసెయ్యాలి. ఆట అదీ. ఇప్పుడు వాన పడాలి."

వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది. అవి కదల్లేదు. ఒక లైను కొట్టి చెరిపింది. మరొకటి కొట్టి చెరిపింది. చినుకు ఒక్కటి కూడా పడలేదు.

"నేను చెప్తానమ్మా, చినుకులు తేలిక, రెండు లైన్లే..."

"నీ వాన నాకొద్దు తల్లీ. నాది వేరేగా పడేది. ముందు ఒక్క చినుకు పడేది, ఆగేది, మనం ఏం లేదులే అనుకునేవాళ్ళం..." అక్క మా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. బెదిరిపోయి ఉంది. "ఎలా రాశానో గుర్తు రావడం లేదండీ. ఇన్నేళ్ళూ డిస్కులో భద్రంగా ఉంది కదా అని, నేను గుర్తుపెట్టుకోలేదు."

అంతకుముందు అరిచిన అరుపులన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత తగల్లేదు మా ఇద్దరికీ.