అందరూ లేచి నిలబడినప్పుడు

మా అక్క దొరవారిసత్రంలో ఉంటుంది. తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పటినుంచి నాయుడుపేటలో మా చర్చికి రాలేకపోతోంది. ఆదివారం బైబిల్లోని కీర్తన చదివేటప్పుడు మా పాస్టరు అయ్యగారు ఒక వచనం, సంఘం తరువాతి వచనం చదవడం మా పద్ధతి. సంఘం వంతు వచ్చినప్పుడు మొదట గొంతెత్తేది అక్కే. మిగతావాళ్ళు ఆమె వెంట అందుకునేవారు. అందుకే హాల్లో లాప్‌టాప్‌ను స్పీకర్లకు కలిపి ఆమె ఫోనుకు ఇంటర్నెట్ కాల్ పెట్టాం. అక్కడ ఆమె చదివితే ఇక్కడ వినబడుతుంది.

మూడు ఆదివారాలు అది కుదరలేదు. అయ్యగారి వచనం ఆమెకు ముక్కలుముక్కలుగా చేరేది. ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. మూడో వారం ఆయన ఇంకా చదువుతుండగానే ఆమె అందుకుంది. హాల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఆమెకు స్పష్టంగా చేరింది.

సాయంత్రం ఫోను చేసి, "ఇంక నాకు కాల్ పెట్టబాకండబ్బయ్యా. ఇంట్లోనే చదువుకుంటాలే," అంది.

చాలాసేపు బతిమాలితే ఇంకొక్క ఆదివారానికి ఒప్పుకుంది. అదీ సరిగా రాకపోతే మళ్ళీ అడగనని నా చేత మాట తీసుకుంది.

మా సంఘంలో ఒకమ్మాయి దగ్గర్లోని ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పని చూస్తుంది. చర్చిలో ఇంటర్నెట్ పంచే స్విచ్ పెట్టింది ఆమే. అంతకుముందు రెండు శనివారాలు వచ్చి పరీక్షించింది. రెండుసార్లూ మాట గంటలా మోగింది. శనివారం బాగుండేది ఆదివారం ఎందుకు తెగుతుందో ఆమెకూ అంతు చిక్కలేదు.

నేను రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన బండికీ పోయిన బండికీ నిమిషం రాయడం అలవాటై, ఇంట్లో డైరీ కూడా అట్లాగే రాస్తాను. వినబడడం లేదని అక్క కాల్‌లో ఎప్పుడంటే అప్పటి టైము రాసి, పక్కన ఆరాధనలో ఏం జరుగుతోందో కూడా రాసిపెట్టాను. ఆ మూడు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటి పాటలో తెగింది. ప్రసంగం ముప్పావుగంటలో ఒక్కసారి కూడా తెగలేదు. కీర్తనలో తెగింది. కానుకల వేళ, చివరి ఆశీర్వాదంలో తెగింది. పాటల హోరు కారణమేమో అనుకుంటే కీర్తనలో పాట లేదు. మైకు అనుకుంటే ప్రసంగమూ అదే మైకు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తట్టింది. పాటకు, కీర్తనకు, ఆశీర్వాదానికి మేం లేచి నిలబడతాం. కానుకలకు లేచి ముందుకు నడుస్తాం. ప్రసంగానికి కూర్చుంటాం.

ఆ అమ్మాయిని అడగడానికి కొంచెం సిగ్గుపడ్డాను. మనం లేస్తే ఇంటర్నెట్‌కు ఎట్లా తెలుస్తుంది?

ఆమె నవ్వలేదు. "కెమెరాకు తెలస్తాది అంకుల్," అంది.

మా ఆరాధనను హాల్లోని కెమెరా ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా పంపుతుంది. బొమ్మలో ఏ కొంచెం మారితే ఆ కొంచెమే పంపుతుందట. అందరూ ఒక్కసారి లేస్తే బొమ్మంతా మారుతుంది కాబట్టి బోలెడంత పంపాల్సి వస్తుందట. శనివారం హాలు ఖాళీ. కదిలేవాళ్ళు లేరు.

నాకు కళ్ళతో చూడాలనిపించింది. ఆ శనివారం హాలు తుడవడానికి వచ్చిన ఆడవాళ్ళను జంపఖానాలు బయట కాకుండా కెమెరా ముందు దులపమన్నాను. "దుమ్మంతా మళ్ళీ లోపలే పడతాది గదన్నా, మతి ఉండే అడగతా ఉండావా?" అంది వాళ్ళలో పెద్దామె. అయినా దులిపారు. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరమీద, స్విచ్ దాటనివ్వకుండా పారేసిన మాటల, బొమ్మల ముక్కల లెక్క అప్పటిదాకా కదలకుండా ఉన్నది గబగబా పెరిగింది. దులపడం ఆపితే ఆగింది. ఇంకోసారి దులపమన్నాను. మూడోసారి వాళ్ళు ఒప్పుకోలేదు.

పారేయడమేమిటని అడిగాను. అక్కడ తేలింది, తప్పు నాదేనని. సండే స్కూలు గదిలో వీడియోలు పెడితే హాల్లో ఇంటర్నెట్ అందడం లేదని, హాలుకూ ఆ గదికీ అయ్యగారి ఆఫీసుకూ సమానంగా పంచాలని కమిటీలో ప్రతిపాదించింది నేను. ఆమె అట్లాగే మూడింటికీ ఒకే హద్దు పెట్టింది. హద్దు దాటింది ఏదైనా స్విచ్ పారేస్తుంది. హాలు వాటాలో కెమెరా ఉంది, అక్కకు వెళ్ళే మాటా ఉంది. కెమెరా వల్ల హద్దు దాటితే, పారేసేటప్పుడు ఏది ఎవరిదో స్విచ్ చూడదు.

"మేం గూడ్సు బండిని పక్కన లూపు లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌ను పోనిచ్చేవాళ్ళం గాని, పారేసేవాళ్ళం కాదమ్మా," అన్నాను.

"ఆపి పంపే పద్ధతీ ఉండాది అంకుల్. కానీ మాట ఆలస్యంగా పోతే ఏం లాభం? అయ్యగారు ముగించినాక ఆమెకు వినపడితే మళ్ళా అదే గోల."

అందుకని మాటకు వేరే గుర్తు వేసి, ముందు దాన్ని పోనిచ్చి, హద్దు కెమెరాకు మాత్రమే పెడతానంది. హాలు వాటా పెరగదు. అందరూ లేచినప్పుడు బొమ్మ కొంచెం మసకబారుతుంది. దానికి కమిటీ సెక్రటరీ ఒప్పుకోలేదు. ఆయన కూతురి కుటుంబం కువైట్ నుంచి చూస్తుంది.

"ఒక్క మనిషి కోసరం అందరికీ మసక చేస్తారా? సమానం అన్నది నువ్వే గదన్నా," అన్నాడు.

నేనే అన్నాను. సమానంగా పంచినప్పుడు ఒక్కో వాటా లోపల ఎవరున్నారో చూడలేదని ఒప్పుకున్నాను. ఆయన ఈ ఒక్క వారం చూద్దామన్నాడు.

ఆదివారం కీర్తనకు అందరం లేచాం. ప్రసారం చూపే తెరమీద ముఖాలు చెదిరి గళ్ళుగళ్ళయ్యాయి. అయ్యగారు మొదటి వచనం ముగించారు. నేను లాప్‌టాప్‌లో కాల్ వైపే చూస్తున్నాను. ఆయన ఆగిన చోటే అక్క అందుకుంది. సంఘం ఆమె వెంట అందుకుంది. ఆరో వచనం దాటాక నేను డైరీ మూసేశాను.

చివరి వచనం అయ్యాక అందరూ కూర్చుంటుంటే స్పీకర్లలో మళ్ళీ ఆమె గొంతు వచ్చింది.

"ఏందబ్బా, నేను లేకపోయేసరికి మీరంతా పరిగెత్తతా ఉండారు. వచ్చే వారం కొంచెం నిదానంగా చదవండి."