అమ్మకు పడిన చప్పట్లు

మొన్న న్యూ టౌన్‌లో మనవరాలి స్కూలు సభలో మైకు కీచుమంది. వెంటనే బడ్జ్ బడ్జ్ మిల్లు గేటు ముందు జరిగిన సభ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అప్పుడు నేను చిన్నపిల్లని. అయ్య బెంగాల్‌కు వలసొచ్చి పనిచేసే ఆ జనపనార మిల్లుకు తాళం పడి నెలలైంది. మిల్లు కూలీలకిచ్చే ఇళ్ల వరసల్లో, మా కూలీ లైన్లలో, అందరం శ్రీకాకుళం వాళ్లమే కాబట్టి, యూనియన్ వాళ్లు మాకోసం తెలుగు మాట్లాడే నాయకుణ్ణి రప్పించారు. ఆయన మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టి, కీచుమనే మైకులో ఎక్కడెక్కడి దేశాల కార్మికుల గురించో చెప్పాడు. ముందు వరసలో, కూలీలను పనిలో పెట్టే మిల్లు సర్దారు చెయ్యెత్తినప్పుడల్లా మావాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టేవారు.

అమ్మ చెల్లిని చంకనేసుకుని లేచింది.

"అదంతా సరేగానీ బాబూ, గేటెప్పుడు తీస్తారో సెప్పండి. పిల్లలకి గంజి కూడా నేదు."

సర్దారు చెయ్యెత్తాడు. చప్పట్లు మోగిపోయాయి. అమ్మ మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ మోగాయి. ఆమె కూర్చునేదాకా ఆగలేదు. అంత పెద్దాయనకు కూడా అన్ని చప్పట్లు పడలేదని నేను మురిసిపోయాను.

ఇంటికొస్తూ అదే అన్నాను. "నీకే ఎక్కువ కొట్టినారమ్మా!"

"ఎర్రిమొగమా, నా నోరు మూయించినారే," అంది అమ్మ.

సర్దారు బెంగాలీ. అమ్మ మాట అతనికి అర్థమై ఉండకపోవచ్చు. వేదిక మీది మనిషికి మాత్రం తెలుగు వచ్చు. ఆయన అంతా విన్నాడు. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, ఆపిన వాక్యం దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టాడు.