మైనస్‌లో పడ్డ ఫైలు

ఎనభైల నడుమ వరంగల్‌లో ఎం.టెక్ చదివేటప్పుడు మా ప్రాజెక్టు, ల్యాబ్‌లోని చిన్న కంప్యూటర్‌కు ఫైల్ సిస్టమ్ రాయడం. అంటే, ఎవరు ఏది టైపు చేసినా డిస్కు మీద దాచి, అడిగినప్పుడు తీసిచ్చే ప్రోగ్రాము. రాసింది ఇద్దరం: నేను, డోర్నకల్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు. వాళ్ల నాన్న రైల్వే గార్డు. రైలు కూత వినబడని హాస్టల్లో నిద్ర పట్టడం లేదని చాలాకాలం గొణిగింది.

మా ప్రోగ్రామును నమ్మిన మొదటి మనిషి సివిల్ విభాగంలో పరిశోధన చేసే ఒక అన్న. ములుగు వైపు ఊళ్లలో జీపులో తిరిగి, బావుల నీటిమట్టాలు కొలుచుకొచ్చి, ఒక్క వేలితో టైపు చేసేవాడు. ఒక మధ్యాహ్నం వచ్చి మా వెనకాల నిలబడ్డాడు.

"చెల్లె, నా ఫైలు మైనస్ల పడ్డది. తెరుస్తలేదు."

తెర మీద ఫైలు సైజు ముందు నిజంగానే మైనస్ గుర్తు ఉంది. నేను ఆయన ముఖం చూడలేకపోయాను.

"యాడికి పోలే అన్నా," అంది నా స్నేహితురాలు. "సైజు రాసే జాగల మైనస్ అంకెలు గూడ పట్టేటట్టు పెట్టినం. అందుకే పట్టే అంకెలల్ల సగం మైనస్‌లకే పోయినయి. సైజు ఆ మిగిలిన సగం దాటంగనే మైనస్ దిక్కు తిరిగింది. డాటా డిస్కు మీదనే ఉన్నది."

నేను ఉత్సాహంగా కోడంతా వెతికి, ప్రతి అంకెనూ మైనస్ లేని రకానికి మార్చేశాను. ఫైలు తెరుచుకుంది. అన్న ఊళ్ల పేర్లు పైకి చదువుకుంటూ కూర్చున్నాడు. కానీ మర్నాడు డిస్కు నిండగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. డిస్కులో ఖాళీ లేదని చెప్పడానికి మేము మైనస్ ఒకటి (-1) అనే అంకె వాడేవాళ్లం. నా మార్పుతో మైనస్‌కు చోటు లేక అది చాలా పెద్ద అంకె అయిపోయి, ప్రోగ్రాము డిస్కులో లేని చోటు కోసం వెతుకుతోంది.

"అన్ని రోగాలకు ఒక్కటే మందా?" అని ఆమె నవ్వింది. "ఒక్కొక్కదాన్ని అడుగుదాం పా, నీకు మైనస్ అవసరమా అని."

కోడు ప్రింటవుటు నేల మీద పరిచి, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాం. సైజుకు మైనస్ వద్దు. 'చోటు లేదు' అనే జవాబుకు కావాలి. కొన్నిచోట్ల వాదించుకున్నాం, ఒకరోజు మాటలు కూడా మానేశాం. అంత ఇష్టంగా తర్వాత ఏ ఉద్యోగంలోనూ పని చేయలేదు.

అంతా కుదిరాక అన్న మమ్మల్ని జీపులో ములుగు అవతలి ఊరికి తీసుకెళ్లాడు. బావి దగ్గర ఒక ముసలామె అడిగింది: "మీరేం జేస్తరు బిడ్డా?"

"అన్న లెక్కలు పదిలంగ దాస్తం అవ్వా," అంది నా స్నేహితురాలు.

"మంచిది. జర నీళ్లు తాగుర్రి," అని ఆమె చేద లాగింది.

ఇద్దరం దోసిళ్లు పట్టాం. నీళ్లలో కొంచెం ఇనుము రుచి.